పదకొండో అంకె

ఏసురత్నానికి మనుషుల పేర్లు నిలవవు. పెళ్లికి వెళ్లి కడుపునిండా తిని వచ్చాక పెళ్లికొడుకు పేరేమిటని అడిగితే తెల్లమొహం వేస్తాడు. అదే శుభలేఖ మీద అచ్చేసిన ఫోన్ నంబరు మాత్రం వారం తర్వాత అడిగినా గడగడా చెప్పేస్తాడు. "తొమ్మిదితో శేషం లేకుండా పోతుందది" అని పైగా ఒక ముక్క కలుపుతాడు. అడిగామా మనం?

పుట్టింది బాపట్ల దగ్గర ఒక పల్లెలో. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. లెక్కల్లో నూటికి నూరు, ఇంగ్లీషులో అత్తెసరు. అందుకే డిగ్రీ గట్టెక్కలేదు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో సికింద్రాబాదు వచ్చి గూడ్స్ యార్డులో నంబర్ టేకర్‌గా చేరాడు. ఏ యార్డో చెప్పను. ఆ చుట్టుపక్కల యార్డులకు కొదవేం లేదు, మీకు తోచింది ఒకటి అనుకోండి. సీతాఫల్‌మండిలో రెండు గదుల అద్దె ఇల్లు, ప్రేమమణితో పెళ్లి, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల పెళ్లిళ్లు, ఆదివారం చర్చి. బయటివాళ్లకు కనిపించే బతుకు ఇంతే.

నంబర్ టేకర్ అంటే ఏమిటో కూడా చెప్పాలిగా. గూడ్సుబండి వచ్చి ఆగగానే ఇంజను దగ్గర మొదలుపెట్టి చివర గార్డు పెట్టె దాకా నడవాలి. ప్రతి వ్యాగన్ ఒంటి మీదా తెల్లరంగుతో రాసిన నంబరు చూసి జేబు పుస్తకంలో ఎక్కించాలి. నలభై వ్యాగన్ల బండి అంటే అర కిలోమీటరు. కింద కంకర, పైన ఎండ. ముప్పై నాలుగేళ్లు అలా నడిచాడు మనిషి. ఎంత దూరమైందో కూడా ఒకసారి లెక్కేశాడు గాని, చెప్తే మీరు నమ్మరు.

విసుగు పుట్టదా అంటే పుట్టదు. ఎందుకంటే అతను నంబర్లు రాసేవాడు మాత్రమే కాదు, వాటిని విడగొట్టి చూసేవాడు. అంకెలన్నీ కూడితే మూడుతో పోతుందో లేదో తెలిసిపోతుంది. ఒకటి విడిచి ఒకటి కూడి, మిగతావాటి మొత్తం తీసేసి చూస్తే పదకొండు సంగతి తేలుతుంది. ఏడు మాత్రం మొండిది, దానికి దొంగదారి లేదు, భాగించి చావాల్సిందే. దేనికీ లొంగని నంబరు ఎక్కడైనా తగులుతుందేమోనని అతని ఆశ. వ్యాగన్లకు పొడుగాటి కొత్త నంబర్లొచ్చాక, ఒక వేసవిలో అలాంటిదే ఒకటి పట్టుకున్నాడు. అది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలంటే లక్షా డెబ్బై ఆరు వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. నాలుగు నెలలు భాగించాడు. రెండు వేల దాకా వచ్చేసరికి నోటుపుస్తకాలు అయిపోయాయి, ప్రేమమణి ఓపికా అయిపోయింది. బస్టాపులో నిలబడి బస్సు నంబరు చూసి గొణుక్కుంటుంటే ఆవిడ భుజం మీద ఒక్కటి తట్టి, "ఎక్కుతారా, భాగిస్తారా?" అనేది.

ఆ కొత్త నంబర్ల సంగతీ చెప్పాలి. పదకొండు అంకెల పొడుగు. మొదటి రెండంకెలు వ్యాగన్ రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ ఏ సంవత్సరం తయారైందో, ఇంకో నాలుగు దాని సొంత నంబరు. పదకొండో అంకె మాత్రం దేన్నీ చెప్పదు. మిగతా పదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటమే దాని ఉద్యోగం. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల్లోని అంకెలు కూడి మూడుతో గుణించాలి. మిగతా ఐదింటినీ దానికి కలపాలి. వచ్చిన మొత్తం ఆ పైన వచ్చే పదుల సంఖ్యకు, అంటే తొంభైకో వందకో, ఎంత తక్కువైతే అదే పదకొండో అంకె. ఒక్క అంకె తప్పు రాసినా లెక్క కుదరదు. కంప్యూటర్ కూడా ఈ లెక్క చూశాకే నంబరు తీసుకుంటుంది, కుదరకపోతే టింగుమని వెనక్కి కొడుతుంది.

ఏసురత్నానికి పండగే పండగ. కంప్యూటర్ చేసే పని అతను నిలబడ్డచోట, నోట్లో, గుటక వేసేంతలో చేసేసేవాడు. "లెక్క కలిశాకే నా కాలు కదిలేది" అనేవాడు. నిజంగానే అంతే. యార్డు సూపర్‌వైజరు యెషయా అతనికంటే పదిహేనేళ్లు చిన్నవాడు, అతని దగ్గరే పని నేర్చుకున్నవాడు. అసలు నియమం ప్రకారం నంబర్లన్నీ ఒక కాగితం మీద మళ్లీ రాసి, సంతకం చేసి ఇవ్వాలి. "రత్నమన్న చదివితే కాగితం ఎందుకు? దేవుని వాక్యం లెక్కనే" అని యెషయా ఆ కాగితం ఎత్తేశాడు. అతను జేబు పుస్తకం చూసి పైకి చదవడం, క్యాబిన్‌లో కంప్యూటర్ దగ్గర కూర్చున్న గుమస్తా కొట్టడం. అలా నడిచిపోయేది.

ఆ గుమస్తా షాహీదా. కాప్రా నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. భర్త అల్లాబక్ష్ అదే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, పచ్చకామెర్లతో పోయాడు. ఆ ఉద్యోగానికి బదులుగా ఈమెకు ఈ కుర్చీ ఇచ్చారు. బడికెళ్లే పిల్లలిద్దరు, మంచాన పడ్డ అత్త. డిసెంబరు దాకా ప్రొబేషన్. అప్పటిదాకా మచ్చపడకుండా ఉంటే ఉద్యోగం ఖాయం, పడితే ఇంటికి. ఏడాదిలో కంప్యూటర్ మీద ఆమె వేళ్లు ఏసురత్నం నోటితో సమానంగా పరిగెత్తడం నేర్చాయి. "సార్ చదువుతుంటే ఖవ్వాలీకి తాళమేసినట్లుంటది" అని నవ్వేది.

రెండువేల ఎనిమిది జూన్, తొలకరి వానలు. ఆముదం విత్తనాల లోడుతో ఒక బండి వచ్చింది. అందులో ఒక వ్యాగన్ ఇరుసు వేడెక్కి పొగ కక్కుతుంటే దాన్ని విడదీసి సిక్ లైన్‌లోకి, అంటే పాడైన వ్యాగన్లు నిలబెట్టే పట్టా మీదికి తోశారు. ఏసురత్నం ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో దాని నంబరు రాసుకున్నాడు. లెక్క చూశాడు. కలిసింది. కదిలాడు. క్యాబిన్‌కి వచ్చి తల తుడుచుకుంటూ చదివాడు, షాహీదా కొట్టింది, కంప్యూటర్ కిక్కురుమనకుండా తీసుకుంది. మర్నాటితో ఆ జేబు పుస్తకం నిండిపోతే ఇంటికి తీసుకుపోయి ట్రంకుపెట్టెలో పడేశాడు, కొత్తది మొదలుపెట్టాడు.

ఆ బండి చేరాల్సిన చోటికి చేరింది. ఒక వ్యాగన్ తక్కువ. ఇక్కడ సిక్ లైన్‌లో ఒకటి ఆగిందని కంప్యూటర్ చెప్తోంది గాని, దాని నంబరు వేరే, కాబట్టి అది ఇంకో బండిదనుకున్నారు. మరి అసలు వ్యాగన్ ఏది? దారి పొడుగునా ప్రతి స్టేషనులో వెతికారు. విత్తనాల కోసం రైతులు రోజూ వచ్చి కూర్చుని పోతున్నారట. పదును మీద పడాల్సిన గింజ. తొమ్మిదో రోజున ఇరుసు బాగుచేయడానికి వచ్చిన ఫిట్టర్లు వ్యాగన్ నంబరు పైకి చదివితే అప్పుడు తెలిసింది, తప్పిపోయిన మహారాజు మన పెరట్లోనే వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడని.

ఇంకేముంది, పైనుంచి కాగితాల మీద కాగితాలు. ఎవరు చేశారీ పని? యార్డంతా ఒక్క నిమిషంలో తేల్చేసింది. రత్నం తప్పు చదవడు. కాబట్టి తప్పు కొట్టింది షాహీదా. తప్పు నంబరైతే కంప్యూటర్ తీసుకోదు కదా అంటే, ఏదో పాత జాబితాలోంచి వేరే వ్యాగన్ నంబరు ఎత్తి కొట్టి ఉంటుంది, పరధ్యానం, ఇంటి బాధలు, పాపం. ఆ 'పాపం' అనే మాట ఉందే, అది అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. షాహీదాకు మెమో ఇచ్చారు. పన్నెండు రోజుల తర్వాత విచారణ.

ఆ పన్నెండు రోజులూ ఆమె అతని పక్కనే కూర్చుని నంబర్లు కొట్టింది. ఒక్కో అంకె చూసి చూసి, కొట్టిన వేలును కూడా ఒకసారి చూసుకుని కొట్టేది. రెండో రోజున మెల్లగా అడిగింది.

"సార్, జెర మీ పాత బుక్కు ఒక్కసారి తీసి చూస్తరా? నేనైతే మీరు చెప్పిందే కొట్టిన."

"చూడక్కర్లేదమ్మా" అన్నాడు ఏసురత్నం. "లెక్క కలవకుండా నేను కాలు కదపనని నీకు తెలుసుగా. ఏదో పొరపాటు అయ్యుంటుంది, ఒప్పుకుంటే వాళ్లే చూసీచూడనట్టు పోనిస్తారు."

మంచి మాటే చెప్పాననుకున్నాడు. ఆమె తల దించుకుని మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. మెమోలో ఏ నంబరుందో అతను అడగనూ లేదు.

విచారణకు ముందు రోజు మధ్యాహ్నం యెషయా టైపు చేసిన కాగితం ఒకటి తెచ్చాడు. "అన్నా, గీడ ఒక్క సంతకం కొట్టు. నువ్వు కరెక్టు చదివినవని అంతే. మస్తు తక్లీఫ్ ఇచ్చింది ఈ లొల్లి, రేపటితో ఖతం" అన్నాడు.

కాగితంలో రెండు నంబర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వ్యాగన్ మీద ఉన్నది 31079827465. కంప్యూటర్‌లో కొట్టినది 31079872465.

ఏసురత్నం పెన్ను తీశాడు. అలవాటు చెడ్డది కదా, సంతకం చేయబోతూ కిందదాంట్లోంచి పైది తీసేశాడు, మనసులోనే. నలభై ఐదు వేలు వచ్చింది. తొమ్మిదితో భేషుగ్గా పోతుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది, ఇది పద్దులు రాసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. అంటే పాత జాబితా లేదు, వేరే వ్యాగన్ లేదు. ఉన్న నంబరులోనే రెండూ ఏడూ చోటు మార్చుకున్నాయి. కంగారులో కొట్టి ఉంటుంది పిచ్చిపిల్ల అనుకున్నాడు.

అనుకుంటూనే ఆ తప్పు నంబరుకు లెక్క కట్టాడు. మొత్తం తొంభై ఐదు. వందకు ఐదు తక్కువ. చివరి అంకె ఐదు.

కలిసింది!

మళ్లీ కట్టాడు. మళ్లీ కలిసింది. పైన ఉన్న సరైన నంబరుకు కట్టాడు. నూట ఐదు, నూట పదికి ఐదు తక్కువ, చివర ఐదు. ఇదీ కలిసింది. తప్పు నంబరుకూ లెక్క కలుస్తుందంటే, ఆ రోజు వానలో తనకు కలిసిన లెక్క ఏ నంబరుది?

"రేపు పొద్దున చేస్తాలే యెషయా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ట్రంకుపెట్టె తెరిచాడు. పాత పుస్తకం, జూన్ నెల, వాన చుక్కలకు ఉబ్బిన పేజీ. తన దస్తూరీ తనకు తెలియదా? గుండ్రటి అంకెలు, ఒక్క కొట్టివేత లేకుండా, ఏడు ముందు, రెండు తర్వాత. పక్కనే చిన్న టిక్కు. లెక్క చూశానన్న గుర్తు.

వాకిట్లో కూర్చుని కాకరకాయలు తరుగుతున్న ప్రేమమణి, "ఏమైందండీ, మొహం అలా అయింది?" అంది.

అతను ఆమె పక్కన చతికిలబడి, చర్చిలో ఇచ్చిన కాగితం వెనక్కి తిప్పి రాసి చూపించాడు. ఏడో స్థానంలో అంకెకు దాని విలువే. ఎనిమిదో స్థానంలో అంకెకు మూడింతలు. రెండు, ఏడు అని ఉంటే రెండూ ఇరవై ఒకటీ ఇరవై మూడు. ఏడు, రెండు అని ఉంటే ఏడూ ఆరూ పదమూడు. తేడా సరిగ్గా పది. పది తేడా వస్తే చివరి అంకె కదలదు. తారుమారైన అంకెల మధ్య ఐదు తేడా ఉంటే చాలు, పదకొండో అంకె కళ్లు మూసుకుంటుంది. సున్నా-ఐదు, ఒకటి-ఆరు, రెండు-ఏడు, మూడు-ఎనిమిది, నాలుగు-తొమ్మిది. తొమ్మిది తారుమారుల్లో ఒకటి ఇలా జారిపోతుంది. ఇన్నేళ్లూ ఆ లెక్కను గుడ్డిగా నమ్మాడు గాని, దాని లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. మూడు ఎందుకు, పది ఎందుకు అని అడగలేదు. బస్సు నంబర్లను భాగించినవాడు!

ప్రేమమణికి అంకెలు సగమే ఎక్కాయి. మిగతాది మాత్రం పూర్తిగా ఎక్కింది. "అంటే ఆ పిల్ల మొదటినుంచీ చెప్పింది నిజమేగా?"

"నిజమే."

"అది మీకు తీసివేత చేస్తేగాని తెలియలేదా?"

ఆ తర్వాత గంటసేపు ఏసురత్నం బుర్రలో ఏం తిరిగిందో దాచడమెందుకు, చెప్పేస్తాను. రిటైరవడానికి నాలుగు నెలలుంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసు పుస్తకంలో ఒక్క చెడ్డమాట లేదు. ఈ జేబు పుస్తకం ఇంట్లో ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పొయ్యి పక్కనే ఉంది, పుస్తకం వానకు ఉబ్బినా కాలుతుంది. వానదే తప్పని కూడా అనుకున్నాడు, గొడుగుదే తప్పని కూడా. ఆఖరికి డిసెంబరు గుర్తొచ్చింది, కాప్రా నుంచి రెండు బస్సులు గుర్తొచ్చాయి. సిగ్గుతో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ప్రేమమణి కాకరకాయ కూర వడ్డిస్తే రుచి తెలియకుండా తిన్నాడు.

మర్నాడు విచారణకు పెద్ద ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. గదిలో ఆయన, యెషయా, షాహీదా, ఏసురత్నం. యెషయా సంతకం కాగితం కోసం చెయ్యి చాపితే ఏసురత్నం పాత పుస్తకం పెట్టాడు అందులో.

"తప్పు నాదండి. నేనే అలా రాసుకున్నాను, అలాగే చదివాను. ఆమె నేను చదివిందే కొట్టింది."

"అదెట్లయితది అన్నా?" యెషయా నిజంగానే అదిరిపోయాడు. "తప్పు నంబర్ కంప్యూటర్ తీస్కోదు కదా!"

"తీసుకుంటుంది" అని ఏసురత్నం లేచి, డ్యూటీలు రాసే నల్లబోర్డు తుడిచి, సుద్దముక్కతో ఆ రెండు నంబర్లూ పక్కపక్కన రాశాడు. మొత్తాలు కట్టాడు. ఇరవై మూడు, పదమూడు చూపించాడు. ఐదు జతలూ రాశాడు. అధికారి నమ్మలేక ఇంకో నంబరులో ఒకటీ ఆరూ తారుమారు చేసి కంప్యూటర్‌లో కొట్టమన్నాడు. షాహీదా కొట్టింది. తీసుకుంది. మూడూ నాలుగూ మార్చమన్నాడు. టింగుమంది.

అధికారి బోర్డు మీది జతలన్నీ తన కాగితంలో ఎక్కించుకున్నాడు. "ఇది చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ" అన్నాడు.

"ఆమెకు తెలుసండి" అన్నాడు ఏసురత్నం.

షాహీదా మీద మెమో తీసేశారు. ఏసురత్నం సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాశారు, ఒకటే వాక్యం. సంతకం కాగితం మళ్లీ మొదలుపెట్టాలని యెషయాకూ ఒక చీవాటు పడింది. పన్నెండు గంటలకల్లా అంతా అయిపోయింది. ఏసురత్నం గుండె తేలికైంది. తేలికైందనే కాదు, ఉన్నమాట చెప్పాలంటే, కొంచెం పొంగింది కూడా. నిజం చెప్పాడు, అదీ ఎవరూ కనిపెట్టని లెక్క కట్టి మరీ చెప్పాడు. క్యాబిన్‌లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఆమె ఏదో అంటుందని.

షాహీదా తెర మీది జాబితా చివరిదాకా కొట్టింది. తర్వాత అంది.

"బోర్డు మీద మంచిగ చెప్పిన్రు సార్. నాకు సుత సమజైంది. ఒక్కటి అడుగుతా, ఏమనుకోకున్రి. ఆ బుక్కు ఇన్ని రోజులు మీ ఇంట్లనే ఉండె కదా?"

"ఉందమ్మా."

"నేను అడిగిన్నాడే ఎందుకు తీయలే?"

"నా లెక్క కలిసింది కదా అనుకున్నాను."

"నా లెక్క సుత కలిసింది కదా సార్. కంప్యూటర్ తీసుకున్నది. అయినా నేను నా వేళ్ల మీదనే డౌటు పడ్డ. రాత్రి పిల్లలు పండుకున్నంక సుత గీ వేలే తప్పు కొట్టిందేమో, గీ వేలే కొట్టిందేమో అని చూసుకుంట కూసున్న. పన్నెండు దినాలు. మీరు బుక్కు తెరిస్తే ఒక్క నిమిషం."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కొంచెం నయంగా ఉండేది. రెండంకెలు తారుమారు చేయడం తప్పే గాని, వానలో ఎవరైనా చేస్తారు. ఆ తప్పు బోర్డు మీద రాసి చూపించాడు. రెండోది, అసలుది, బోర్డు మీద రాయలేదు. అది అతనికి ఇప్పుడు తెలిసింది, తెలిసేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అరవయ్యేళ్ల మనిషి, ఏం చేస్తాడు, పక్కకు తిరిగి జేబురుమాలు వెతుక్కున్నాడు.

"నన్ను క్షమించు షాహీదా" అన్నాడు. "ఆ పన్నెండు రోజులూ నువ్వు అబద్ధమాడుతున్నావనే అనుకున్నాను."

"నాకు ఎరికే సార్" అంది షాహీదా.

బయట బండి వచ్చి ఆగిన చప్పుడైంది. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, తెర మీద పాత జాబితా మూసేసి, కొత్తది తెరిచింది. "పోయి రాసుకొని రాన్రి" అంది. "ఈసారి కాగితం సుత తేన్రి. నేను సుత చూస్త."